వరిచేల వాయువుల ఆయుష్షు

కోనసీమలోని మురమళ్ళ చుట్టూ నీరు నిలిచిన వరిచేలలో బురదకు ప్రాణవాయువు అందదు. అక్కడి సూక్ష్మజీవులు మీథేన్‌ను తయారుచేస్తాయి. ఎక్కువ భాగం వరి కాడల గుండానే గాలిలోకి చేరుతుంది. దాని ఆయుష్షు సుమారు 12 ఏళ్లు. సూర్యకాంతి వల్ల పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ దాన్ని క్రమంగా ఆక్సీకరిస్తుంది. చివరికి మిగిలేది కార్బన్ డయాక్సైడే. యూరియా వేసిన చేల నుంచి వెలువడే నైట్రస్ ఆక్సైడ్‌ది మరో దారి. అది స్ట్రాటోస్ఫియర్ దాకా ఎక్కి, అతినీలలోహిత కిరణాల తాకిడికి విడిపోవాలి. అందుకు 100 ఏళ్లు దాటుతుంది.

కార్బన్ డయాక్సైడ్‌కు ఒకే ఆయుష్షు చెప్పడం తప్పుదారి పట్టించడమే. చాలా భాగాన్ని చెట్లు, సముద్రం శతాబ్దాల్లో పీల్చుకుంటాయి. కొంత వేల ఏళ్లు గాలిలోనే ఉండిపోతుంది. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్‌లో మంటలు రెండు నెలలకు పైగా ఎగిశాయి. అప్పుడు కాలిన సహజవాయువు నుంచి పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌లో గణనీయమైన భాగం నేటికీ వాతావరణంలో ఉంది. కాలకుండా మీథేన్‌గానే వెలువడి ఉంటే నష్టం ఇంకా పెద్దది: వందేళ్ల లెక్కలో, బరువుకు బరువు, కార్బన్ డయాక్సైడ్ కన్నా మీథేన్ దాదాపు 28 రెట్లు వేడెక్కిస్తుంది.

మీథేన్ ఆయుష్షు తక్కువ కాబట్టే, దాన్ని తగ్గిస్తే ఫలితం ఒక తరంలోనే కనిపిస్తుంది. చేలను మధ్యమధ్య ఆరబెట్టి మళ్లీ తడపడం ఒక మార్గం. మురుగు త్వరగా దిగని డెల్టా పల్లాల్లో మాత్రం అది సులువు కాదు.