సాహసకథలో పణము, సంఘర్షణ

సాహసగాథను చలనచిత్రముగా కూర్చు రచయితలు పలువురు అపాయముల సంఖ్యను పెంచినచో కథకు బిగి కలుగునని తలంతురు. ఈ తలంపు సరియైనది కాదు. లోయలు, మృగములు, మాయలు ఎన్ని యున్నను, నాయకుడు ఓడినచో కోల్పోవున దేమో ప్రేక్షకునకు తెలియని యెడల అవి కనుల పండువు మాత్రమే యగును. నాయకుడు ఒడ్డు దానినే ఇచ్చట పణమనుచున్నాను.

సభాపర్వమందలి ద్యూతఘట్టము ఇందుకు ప్రాచీన నిదర్శనము. ధర్మరాజు మొదట ధనమును, పిదప రాజ్యమును, తమ్ములను, తన్నును, తుదకు ద్రౌపదిని ఒడ్డెను. ఆట మారలేదు, పణము మాత్రము క్రమముగా ఆతని హృదయమునకు చేరువయ్యెను. ఘట్టమునకు గల తీవ్రత ఈ క్రమమునుండి పుట్టినదే.

పింగళి నాగేంద్రరావు రచనలో, కె.వి. రెడ్డి దర్శకత్వమున 1951లో వెలువడిన విజయావారి 'పాతాళభైరవి' యందును ఇట్టి క్రమమే కలదు. తోటమాలి కొడుకగు రాముడు ఉజ్జయినీ రాకుమారిని వలచెను. తనతో సరితూగు సంపద తెచ్చినచో కన్య నిత్తునని రాజు పలికెను. ఇంతవరకు ఉన్నది కోరిక మాత్రమే, సంఘర్షణ కాదు. నేపాళ మాంత్రికుని వలన అది సంఘర్షణగా మారినది. కోరినదెల్ల నొసగు విగ్రహమును సాధించుటకు ఆతడు ఒక సాహసవంతుని దేవికి బలి యీయవలెను. రాముని ఏ గుణము రాకుమారిని పొందుటకు తోడ్పడునో, ఆ గుణమే ఆతనిని బలిపీఠమునకు చేర్చినది. ప్రతినాయకుడు కేవలము అడ్డు నిలుచువాడు కాడు. నాయకుడు లేనిదే తన కార్యము నెరవేరనివాడు. ఇరువురును విడిపోజాలని ముడి ఇది.

రాముడు కుట్ర నెరిగి మాంత్రికునే బలియిచ్చి విగ్రహమును గైకొనెను. సామాన్య రచయిత కథను ఇచ్చట ముగించును. పింగళివారు మాంత్రికుని శిష్యునిచే పునర్జీవితుని గావించి, విగ్రహమును ఆతని వశము చేసిరి. సంపదయు రాకుమారియు ఒక్కమారుగా రామునకు దూరమైనవి. పూర్వార్ధమున రాముడు లేనిదానిని కోరెను. ఉత్తరార్ధమున చేతికందినదానిని కోల్పోయెను. రెండవది బరువైన పణము. పైగా, ఆతనికిపుడు విగ్రహబలము లేదు. ధైర్యమును, అంజి స్నేహమును మాత్రమే మిగిలినవి.

ఉపాయమును అపాయశంకయు పెనగొన్న దశను ధనంజయుడు దశరూపకమున ప్రాప్త్యాశ యనెను. అపాయము వెలుపలినుండి వచ్చిపడినదైనచో ఆ దశ క్షణికము. నాయకుని కోరికనుండియే పుట్టినదైనచో కథాంతమువరకు నిలుచును. కావున సాహసేతివృత్తమును పరీక్షించువారు అపాయములను లెక్కించుటకు ముందు మూడు ప్రశ్నలు వేయదగును: ఓడినచో నాయకుడు కోల్పోవున దేమి? ఆతడేల వెనుదిరుగజాలడు? ప్రతినాయకునకు ఆతనితో పని యేమి? మూడింటికిని ఒక్కటే సమాధానమైనచో ఆ కథకు బలము చేకూరినట్లే.