సమాధానము: ప్రార్థనవలన గలుగు మనశ్శాంతి

తెలుగు క్రైస్తవుల యిండ్లలో రాత్రి ప్రార్థన ముగిసిన పిమ్మట పెద్దలు పిల్లల తలపై చేయి యుంచి, వారికి సమాధానము కలుగవలెనని దీవించుట ఆచారము. ఒకనాడు మా యింట ఈ దీవెన విని, మా మతమువాడు కాని మిత్రు డొకడు “ప్రశ్న యేదో తెలియకుండ సమాధాన మెట్లు కలుగును?” అని నవ్వెను.

ఆ నవ్వులో తప్పులేదు. నేటి వాడుకలో సమాధాన మనగా జవాబు. పరీక్షలో విద్యార్థి వ్రాయునది. ఆ మాట కింకొక యర్థము గలదు. అది తెలుగు సీమలో కొంత మరుగుపడినను పొరుగు భాషలలో నేటికిని సజీవముగ నున్నది. తమిళులకు సమాదాన మనగా పోరు మానుట, తగవు తీరుట. కన్నడిగులకు దుఃఖితు నోదార్చుట, మనసు కుదుటపడుట. మహారాష్ట్రులకు తృప్తి. మధురలో గాని కోలారులో గాని షోలాపురములో గాని తరతరములుగ నివసించు మనవారు ఈ యర్థములను ప్రతిదినము వినుచునే యున్నారు. కావున ఈ విషయమున వారికి చెప్పుట సులభము.

సంస్కృతమున ఈ పదమునకు చక్కగా కూర్చి యుంచుట యని మూలార్థము. వేదాంతులు శమదమాది షట్కములో సమాధానము నొకటిగా నెన్ని, చెదరిన చిత్తమును ఒక్కచోట నిలుపుట యని వివరించిరి. 1812లో సేరంపూరున మూడు సువార్తలు తెలుగున అచ్చయిన పిమ్మట, పలుమారులు దిద్దబడి నేటి రూపు పొందిన తెలుగు బైబిలులో ‘షాలోమ్’ అను హీబ్రూ పదమునకు పెక్కుచోట్ల ఈ మాటయే కనబడును. షాలోమ్ అనగా కలహము లేకుండుట మాత్రమే కాదు, వెలితి లేకుండుట. ‘శాంతి’ యను మాటయు మన బైబిలులో లేకపోలేదు. అయినను యెషయా ప్రవచించిన రాజు సమాధానకర్త. లేవీయకాండములోని బలి సమాధానబలి. ఈ బలిలో ఒక విశేషము గలదు. క్రొవ్వు బలిపీఠముపై దహింపబడును. కొంతభాగము యాజకునికి చెందును. మిగిలినది బలి తెచ్చినవాడే తినవచ్చును. విరోధము తీరినవారు ఒక పంక్తిని కూర్చుండి భుజించుట వంటిది ఇది. అనగా క్రైస్తవులు చెప్పు సమాధానము ఏకాంతమున కన్నులు మూసికొని సంపాదించు నిశ్చలత కంటె, తెగిన చుట్టరికము మరల కలియుటకు దగ్గరగా నున్నది.

ఇక ప్రార్థనవలన ఇది యెట్లు కలుగును? అడిగినది దొరకుటచేత కలుగునని యనేకు లనుకొందురు. కొందరు బోధకులు సయితము అట్లే చెప్పుచున్నారు. ఇంత విశ్వాసమునకు ఇంత ఫల మని లెక్క చెప్పు నట్టి బోధ నాకు అంగడి బేరమువలె తోచును. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక చూడుడు. చింతపడక, మీ విన్నపములను కృతజ్ఞతతో దేవునికి తెలుపుడని యతడు చెప్పుచు, అడిగినవన్నియు లభించునని చెప్పలేదు. బుద్ధికి మించిన సమాధానము మీ హృదయములకు కావలి యుండునని మాత్రమే చెప్పెను. అతడు వాడిన గ్రీకు క్రియ కోటను సైనికులు కాచుటకు చెప్పునది. ఫిలిప్పీ రోమనుసేనలో కొలువు ముగించినవారిని స్థిరపరచిన పట్టణము గనుక అచటివారికి ఆ మాట బోధపరచ నక్కరలేదు. వ్రాసినవాడో, తానే సంకెళ్లలో నున్నాడు. కావలి యున్నదనగా శత్రువు లేడని కాదు గదా! తన శరీరములోని ముల్లు తొలగవలెనని అతడు మూడుసారులు వేడుకొనెను, అది తొలగలేదు. గెత్సేమనే తోటలో యేసు ప్రార్థించినప్పుడును పాత్ర తొలగలేదు.

కావున అడిగినది దొరకనివాడు తన ప్రార్థన వ్యర్థమైనదని తలచుట తొందరపాటు. ఇచట కీర్తనల గ్రంథము మనకు మిక్కిలి ఉపకరించును. అందలి నూటయేబది కీర్తనలలో సుమారు మూడవవంతు మొరలే. మొరపెట్టువాడు దేవునితో మర్యాదకు మాటలాడడు; ఎంతకాలము నన్ను మరచెదవని నిలదీయును. పెక్కు కీర్తనలలో మొర నడుమనో చివరనో స్తుతిగా మారును. ఎనుబదియెనిమిదవ కీర్తన యట్లు మారదు; చీకటితోనే ముగియును. దానిని గ్రంథమునుండి తీసివేయని పెద్దల వివేకమును నేను మెచ్చుకొందును. దుఃఖమును దాచి తెచ్చిన ప్రార్థనలో మనస్సు రెండుగా చీలియే యుండును. ఉన్నదున్నట్లు చెప్పినప్పుడే అది ఒక్కచోటికి వచ్చును.

తెలుగున ఈ మొరకు రాగతాళముల నిచ్చినవారిలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌధరి. 1803లో, నేడు ఒడిషాలోనున్న పర్లాకిమిడి ప్రాంతమున జన్మించి, పిదప క్రైస్తవుడై 1890 వరకు జీవించెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో ప్రతి పాటపై రాగమును తాళమును ముద్రించు పద్ధతి ఎల్లరెరిగినదే. వాక్యము పలుకలేని నోటికి రాగము చేయూత. ఏడ్చువారు మాటలు వెదకుకొన నక్కరలేదు. పల్లవి యందుకొనిన చాలును, ప్రక్కవారు చరణము పాడుదురు.

మా మేనత్త బళ్లారిలో నుండెడిది. ఆమె యొక్కగానొక్క కొడుకు జబ్బుపడినప్పుడు పదునొకండు నెలలు వైద్యమును మానలేదు, ప్రార్థనయు మానలేదు. (ప్రార్థించుచున్నా మని మందు మానిపించువారిని ఆమె గుమ్మ మెక్కనిచ్చెడిది కాదు. మనోవ్యాధి విషయమునను ఇదియే న్యాయ మని నా యభిప్రాయము. వైద్యుని యొద్దకు పోవుట అవిశ్వాసము కాదు.) పిల్లవాడు దక్కలేదు. ఆ పిమ్మట సుమారు ఒక యేడు ఆమె ప్రార్థనలో కృతజ్ఞతావాక్య మొక్కటియు పలుకలేదు. దీపము పెట్టి, బైబిలు తెరచి, ఒక కీర్తన చదివి మూసివేసెడిది. అప్పుడు చిన్నవాడనై, ఎందు కిట్లు కూర్చుందు వని యడిగితిని. “అడిగినది రాలేదురా. కాని అడుగుటకు వేరే చోటు నాకు లేదు” అనెను. అది విశ్వాసమో నిరాశయో నాకు అప్పుడు తెలియలేదు.

ఆమె వెళ్లు దేవాలయము 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమునకు చెందినది. ఆ సంఘము 1950లో వెలువరించిన ఆరాధనక్రమమున, ప్రభురాత్రి భోజనమునకు ముందు సమాధానమును చేతినుండి చేతికి అందించు పద్ధతి గలదు. మలబారు సురియానీ క్రైస్తవుల ప్రాచీనాచారమునుండి గ్రహింపబడిన దిది. బల్లయొద్దనుండి బయలుదేరి, ఒకరు జోడించిన చేతులను మరియొకరు పట్టుకొనగా, వరుసవెంబడి వెనుకవరకు పోవును. నీ సహోదరునితో తగవు తీరక కానుక నర్పింపవల దని యేసు చెప్పిన మాటకు ఇది క్రియారూపము.

మా మేనత్తకును పొరుగింటి కన్నడపు ఆమెకును పెరటిగోడను గూర్చి ఏండ్లతరబడి మాటలు లేవు. పిల్లవాడు పోయిన తరువాత ఒక ఆదివారము వారిద్దరును దైవవశమున ఒకే బల్లపై ప్రక్కప్రక్కన కూర్చుండిరి. వరుస వచ్చినది. పొరుగింటామె చేతులు పట్టుకొని, క్రమములోని వాక్యము మరచిపోయి, ఇంటిలో మాటలాడునట్లు “సమాధాన మాడ్కొళ్ళి, అమ్మా” అనెను. మా మేనత్త పిల్లవాడు పోయినది మొదలు అందరి యెదుట ఏడ్చుట ఆనాడే నేను చూచితిని. ఇంటికి వచ్చి, ఆ సాయంకాలము తానుగా ఒక పల్లవి నెత్తుకొనెను. మేమందరమును చరణ మందుకొంటిమి.