పీచ్ 11, ద్రాక్ష 22, తేనె 82

టొరంటో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు నయాగరా అంటే జలపాతమే. ఊళ్లోంచి చుట్టాలు దిగితే చాలు, పులిహోర డబ్బాలు సర్దుకుని కార్లు అటే బయలుదేరతాయి. క్యూఈడబ్ల్యూ హైవేకు అటూ ఇటూ ఉన్న పండ్ల తోటలు, వైనరీలు, తేనెపెట్టెలు మాత్రం కిటికీలోంచి వెనక్కి వెళ్లిపోతుంటాయి. పదిమంది కలిసి వ్యాన్ మాట్లాడుకుని ఒక రోజంతా వాటికే ఇవ్వొచ్చు. ఆ రోజు చూసేదంతా అర్థం కావటానికి ఒక్క కొలత చాలు. దాని పేరు బ్రిక్స్. నూరు గ్రాముల రసంలో ఎన్ని గ్రాముల చక్కెర ఉందో అదే ఆ అంకె.

చెట్టునే పండిన పీచ్ రసం 10 నుంచి 12 చూపిస్తుంది. కోతకొచ్చిన వైన్ ద్రాక్ష 22 దగ్గర ఉంటుంది. ఐస్‌వైన్ రసం సగటున 35కు తగ్గకూడదన్నది అంటారియో నిబంధన. తేనెలో చక్కెర 82 దాకా ఉంటుంది. ఈ చివరి రెండు మెట్లూ ఎక్కటానికి ఎవరూ చక్కెర కలపరు, నీళ్లు తీస్తారు. ఒకచోట ఆ పని గడ్డకట్టే చలి చేస్తుంది, ఇంకోచోట తేనెటీగ రెక్కలు చేస్తాయి.

అసలు అంత ఉత్తరాన పీచ్ ఎలా పండుతోంది? ఉత్తరాన అంటారియో సరస్సు, దక్షిణాన నయాగరా ఎస్కార్ప్‌మెంట్ అనే ఎత్తైన రాతిగట్టు, మధ్యన సన్నటి నేల. వేసవిలో వేడెక్కిన సరస్సు చలికాలంలో ఆ వేడిని మెల్లగా వదులుతుంది కాబట్టి మొగ్గలు బతుకుతాయి. వసంతంలో ఇంకా చల్లగానే ఉండి చెట్లను తొందరపడి పూయనివ్వదు, దాంతో చివరి మంచుదెబ్బ తప్పుతుంది. ఇంత కాపుదల ఉన్న చోటే ఐస్‌వైన్‌కు కావలసిన మైనస్ 8 డిగ్రీల చలి కూడా పడుతుంది. పీచ్‌ను చంపనంత, ద్రాక్షను గడ్డకట్టించేంత చలి దొరకటం ఈ నేల అదృష్టం.

ఆ చలి వచ్చేదాకా, డిసెంబరో జనవరో, ద్రాక్షను తీగకే వదిలేస్తారు. వచ్చిన రాత్రే కోసి, గడ్డగా ఉండగానే పిండుతారు. నీరు మంచుగా లోపలే ఉండిపోతుంది, చిక్కటి రసం బయటికొస్తుంది. కాగితం మీద చూస్తే 22 బ్రిక్స్ రసం నూరు కిలోలు ఉంటే 35 బ్రిక్స్‌ది 63 కిలోలు రావాలి. నిజంగా అంత రాదు. కాయలు తీగ మీదే వడిలిపోతాయి, కొన్ని రాలతాయి, చక్కెర కొంత మంచులో చిక్కుకుంటుంది, పక్షులు ఊరుకోవు. చివరికి చేతికొచ్చేది మామూలు దిగుబడిలో ఐదో వంతుకు మించదు. సీసా 375 మిల్లీలీటర్లకు కుదించుకుపోవటానికీ, ధర కొండెక్కటానికీ కారణం అదే. ఇన్నిస్కిలిన్ వైనరీ 1983లో వదిలిన ద్రాక్షనంతా పక్షులే తినేశాయి. మరుసటి ఏడు వలలు కట్టి తమ తొలి ఐస్‌వైన్ తీశారు. 1991లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో జరిగిన వైన్ ప్రదర్శన వినెక్స్‌పోలో వాళ్ల 1989 విడాల్ ద్రాక్ష ఐస్‌వైన్‌కు అత్యున్నత బహుమతి వచ్చాక నయాగరా పేరు దేశాలు దాటింది.

ఇక తేనె. పూలలోని మకరందంలో చక్కెర 20 నుంచి 40 శాతం ఉంటుంది. 30 శాతం అనుకుంటే, కిలో తేనెకు దాదాపు 2.7 కిలోల మకరందం కావాలి. అంటే 1.7 కిలోల నీటిని ఈగలు రెక్కలతో విసిరి విసిరి ఆవిరి చేస్తాయి. ఒక ఈగ తన జీవితకాలంలో చేసేది చెంచాలో పన్నెండో వంతని తేనెటీగల పెంపకందార్లు చెప్పే లెక్క. ఆ ప్రకారం అరకిలో సీసా వెనక ఎనిమిదివందలకు పైగా ఈగలుంటాయి. తేమ 18 శాతం దగ్గరికి దిగాక ఈస్ట్ అందులో పెరగదు, అందుకే తేనె పులవదు. దానికే నీళ్లు కలిపితే పులిసి మీడ్ అవుతుంది. బీమ్స్‌విల్‌లోని రోజ్‌వుడ్ వైనరీలో తేనె, మీడ్, వైన్ మూడూ ఒకే చోట దొరుకుతాయి.

వెళ్లటానికి నా ఓటు సెప్టెంబరుకే. పీచ్ ఇంకా పూర్తిగా అయిపోదు, ఆపిల్ మొదలవుతుంది, ద్రాక్ష కోత నడుస్తుంటుంది. టొరంటో నుంచి నయాగరా ఆన్ ది లేక్ 130 కిలోమీటర్లు. ముందు అక్కడిదాకా పోయి, పొద్దున్నే తోట, మధ్యాహ్నం వైనరీలు చూసుకుని, తిరుగు దారిలో బీమ్స్‌విల్‌లో తేనె కోసం ఆగితే సరి. తీపి ముందు తగిలితే నాలుకకు తర్వాతి వైన్లన్నీ పుల్లనీళ్లే.

వ్యాన్ ఎందుకంటే, మూడు వైనరీల్లో నాలుగేసి రుచులు, ఒక్కోటి 45 మిల్లీలీటర్లు అనుకున్నా మొత్తం 540. కెనడా లెక్కలో 12 శాతం వైన్ 142 మిల్లీలీటర్లు ఒక డ్రింకు. అంటే దాదాపు నాలుగు డ్రింకులు. అంటారియోలో రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం తాకితేనే లైసెన్సు తాత్కాలికంగా చేజారుతుంది, 0.08కి క్రిమినల్ కేసు. తాగటానికి 19 ఏళ్లు నిండాలి. ఇక తేనె, పక్కన అమ్మమ్మ ఎంత బతిమాలినా సరే, ఏడాది నిండని పసివాళ్లకు నాకించనే కూడదు. బాట్యులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.