భయానికి కొలత ఏది?

“ఎదుటివాడు నా మీద పడబోతున్నాడని తోచింది, అందుకే ముందుగా నేనే కొట్టాను” అనే వాదన ప్రతి దేశంలోను కోర్టులకు పరిచయమైనదే. నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేతులు కట్టుకుని కూర్చోమని ఏ చట్టమూ చెప్పదు. అయితే, తోచడం ఒక్కటే చాలునా? పిరికివానికి తాడు కూడా పామే. ఆ భయానికి విలువ కట్టవలసినవారు ఎవరు? ఈ ప్రశ్న మీద అమెరికాలోని న్యూయార్క్ మహానగరం కొన్నేళ్ళపాటు రెండుగా చీలి వాదులాడుకున్నది. ఆ కథ తెలుసుకోదగినది.

రైలు పెట్టెలో జరిగింది

1984 డిసెంబరు 22, శనివారం మధ్యాహ్నం. క్రిస్మస్ పండుగ మూడు రోజులలోకి వచ్చింది. బెర్నార్డ్ గెట్జ్ అనే 37 ఏళ్ళ తెల్లజాతి ఇంజనీరు న్యూయార్క్ భూగర్భ రైలు ఎక్కాడు. ఎలక్ట్రానిక్ పరికరాలు సరిచేయడం అతని వృత్తి. ఆ పెట్టెలో నలుగురు నల్లజాతి కుర్రవాళ్ళున్నారు. వారికి 18, 19 ఏళ్ళుంటాయి. వారిలో ఒకడు దగ్గరకు వచ్చి అయిదు డాలర్లు ఇమ్మన్నాడు. అది బిచ్చమా, బెదిరింపా అన్నదే తరువాత కోర్టులో పెద్ద తగాదా అయింది. గెట్జ్ లేచి నిలబడి, చొక్కా పైనున్న కోటులోంచి రివాల్వరు తీసి అయిదుసార్లు కాల్చాడు. నలుగురూ గాయపడ్డారు. ఒక కుర్రవానికి వెన్నుపాము తెగి, నడుము కింది భాగం శాశ్వతంగా చచ్చుబడింది. గెట్జ్ పట్టాల మీదికి దిగి, సొరంగంలో పడి మాయమయ్యాడు.

ఇతనికి పాత గాయం ఒకటున్నది. 1981లో కెనాల్ స్ట్రీట్ స్టేషనులో కొందరు కుర్రవాళ్ళు కొట్టి దోచుకోబోయారు. పట్టుబడినవాని కంటె తననే ఎక్కువసేపు పోలీసులు కూర్చోబెట్టారని అతని బాధ. తుపాకి లైసెన్సుకు అర్జీ పెట్టుకుంటే త్రోసిపుచ్చారు. అప్పుడతడు లైసెన్సు లేకుండానే రివాల్వరు పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు.

వీరుడా? నేరస్థుడా?

ఆ రోజుల్లో న్యూయార్క్ రైళ్ళంటే జనానికి హడలు. గోడల నిండా గీతలు, ఆరిపోయిన దీపాలు, జేబుదొంగలు, కత్తులు చూపేవాళ్ళు. అందుచేత ముద్దాయి పేరు తెలియకముందే అతడు వీరుడైపోయాడు. నిందితుని ఆచూకీ చెప్పమని పోలీసులు ఒక టెలిఫోను నెంబరు ప్రకటిస్తే, ఆచూకీకి బదులు అతణ్ణి మెచ్చుకుంటూ పిలుపులు వచ్చాయి. పత్రికలు అతనికి ‘సబ్‌వే విజిలాంటీ’ అని పేరు పెట్టాయి. చట్టాన్ని తన చేతిలోకి తీసుకున్నవాడని ఆ మాటకు తాత్పర్యం. 1974లో వచ్చిన ‘డెత్ విష్’ అనే సినిమాలో కథానాయకుడు దొంగలను వెదకి కాల్చి చంపుతాడు. జనం ఈ సంఘటనను ఆ బొమ్మతో పోల్చి చూసుకున్నారు. మొదట్లో నల్లవారిలో కూడా అనేకులు, “రైలులో మేము పడే బాధ మాకు తెలుసు” అని గెట్జ్ పక్షాన నిలిచారు. మేయరు ఎడ్ కాచ్ మాత్రం ఇటువంటి పనులు సహించరానివని ఖండించాడు.

పత్రికల తొందర ఎటువంటిదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఇద్దరు కుర్రవాళ్ళ దగ్గర స్క్రూడ్రైవర్లు దొరికిన మాట నిజమే. ఆటల యంత్రాలు పగలగొట్టి చిల్లర దొంగిలించడానికి తెచ్చుకున్నామని వారి సమాధానం. తొలి వార్తల్లో అవి ‘పదును పెట్టిన స్క్రూడ్రైవర్లు’ అయి కూర్చున్నాయి. వాటికి పదునూ లేదు, రైలులో వాటిని ఎవరూ బయటికి తీయనూ లేదు. కాని మొదట అచ్చయిన మాటకున్న బలం తరువాతి సవరణకు ఉండదు గదా!

గెట్జ్ డిసెంబరు 31న న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని కాంకర్డ్ పోలీసులకు తనంతట తానే లొంగిపోయాడు. అక్కడ వీడియో మీద పట్టిన వాఙ్మూలం బయటికి వచ్చేసరికి చాలామంది మెచ్చుకోళ్ళు చల్లబడ్డాయి. వాళ్ళ దగ్గర తుపాకి లేదని తనకు నమ్మకమేనన్నాడు. వాళ్ళను చంపాలనీ బాధపెట్టాలనీ తలచానన్నాడు. నలుగురినీ కాల్చిన తరువాత ఒక కుర్రవాని వైపు చూసి, నీకేమీ కాలేదే, ఇదిగో ఇంకొకటి, అనే అర్థం వచ్చే మాట అని మళ్ళీ కాల్చానన్నాడు.

కోర్టుల చుట్టూ

1985 జనవరిలో మొదటి గ్రాండ్ జ్యూరీ, లైసెన్సు లేని ఆయుధాల నేరం తప్ప హత్యాయత్నం ఆరోపణ అక్కరలేదన్నది. మార్చిలో రెండవ గ్రాండ్ జ్యూరీ కూర్చున్నది. గాయపడిన కుర్రవాళ్ళ సాక్ష్యం విని హత్యాయత్నం కూడా మోపింది. కింది కోర్టు దాన్ని కొట్టివేస్తే, 1986 జూలైలో రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం తిరిగి నిలబెట్టింది. అప్పుడు ఆ కోర్టు చెప్పిన సూత్రం ఇది: ముద్దాయి నిజంగా భయపడ్డాడా అన్నది మాత్రమే చూస్తే చాలదు, అటువంటి పరిస్థితిలో వివేకం గల మనిషి కూడా అలాగే భయపడి ఉండేవాడా అన్నది కూడా చూడాలి. అయితే ఆ పరిస్థితిని తూచేటప్పుడు ముద్దాయి వెనుకటి అనుభవాలు సైతం లెక్కలోకి వస్తాయి.

విచారణ 1987లో దాదాపు ఏడు వారాలు నడిచింది. పన్నెండుగురు జ్యూరర్లలో పదిమంది తెల్లవారు, ఇద్దరు నల్లవారు. వారిలో సగంమంది స్వయంగా ఎప్పుడో ఒకప్పుడు నేరాలకు గురైనవారే! జూన్ 16న తీర్పు వచ్చింది. హత్యాయత్నం విషయంలో నిర్దోషి. లైసెన్సు లేని తుపాకి కలిగి ఉన్నందుకు మాత్రం దోషి. చివరకు అతడు జైలులో గడిపింది సుమారు ఎనిమిది నెలలు.

తీర్పు విన్న నగరం మళ్ళీ రెండయింది. సామాన్యుడు గెలిచాడని కొందరు సంబరపడ్డారు. కుర్రవాళ్ళు తెల్లవారై, కాల్చినవాడు నల్లవాడై ఉంటే ఇదే తీర్పు వచ్చేదా అని నల్లవారి నాయకులు అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం ఎవరూ చెప్పలేకపోయారు. ఇందులో ఒక కిటుకున్నది. జ్యూరీ ‘నిర్దోషి’ అని మాత్రమే పలుకుతుంది. ఎందుచేతనో వ్రాసి ఇవ్వదు. ఆ ఖాళీని పత్రికలూ, వీధి అరుగులూ తమకు తోచిన కారణాలతో నింపుతాయి.

రెండవ తీర్పు

కథ అక్కడితో ముగియలేదు. చక్రాల కుర్చీకి అంకితమైన కుర్రవాడు నష్టపరిహారం కోసం దావా వేశాడు. 1996లో బ్రాంక్స్ జ్యూరీ అతనికి 4 కోట్ల 30 లక్షల డాలర్లు ఇమ్మని తీర్పు చెప్పింది. గెట్జ్ దివాలా అర్జీ పెట్టుకున్నాడు. అవే తూటాలు, అదే రైలు పెట్టె. తీర్పులు మాత్రం రెండు. చట్టరీత్యా ఇందులో వింత లేదు. క్రిమినల్ కేసులో అనుమానం మిగిలితే అది ముద్దాయికే లాభిస్తుంది. సివిల్ దావాలో త్రాసు ఎటు కొంచెం మొగ్గినా చాలు. జనం మాత్రం ఈ భేదం పట్టించుకోలేదు. మొదటి తీర్పు నచ్చినవారు రెండవదాన్నీ, రెండవది నచ్చినవారు మొదటిదాన్నీ అన్యాయమన్నారు. 2023లో అదే నగరపు రైలులో ఒక యువకుడు మరొక ప్రయాణీకుని మెడ బిగించిపట్టగా అతడు మరణించాడు. 2024 డిసెంబరులో ముద్దాయి నిర్దోషి అని జ్యూరీ తేల్చినప్పుడు, నలభై ఏళ్ళనాటి గెట్జ్ పేరు మళ్ళీ అందరి నోళ్ళలో నానింది.

మన చట్టం మాట

మన దేశంలో 1860 నాటి శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును చెప్పేవి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవే 34 నుంచి 44 వరకు సెక్షన్లయినాయి. ప్రమాదం వస్తుందన్న సహేతుకమైన భయం కలిగిన క్షణంలో హక్కు పుడుతుంది. ఆ భయం తీరిన క్షణంలో పోతుంది. కాపాడుకోవడానికి అవసరమైనంతకు మించి హాని చేయరాదు. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు లేనే లేదు. దొంగ పారిపోతుండగా వెంబడించి తల పగలగొట్టడం ఆత్మరక్షణ అనిపించుకోదు. పైగా మన క్రిమినల్ విచారణలలో జ్యూరీకి చోటు లేదు గనుక, మన జడ్జీలు తీర్పుకు కారణాలు వ్రాయక తప్పదు. ఆ కారణాలు చదివే ఓపిక మాత్రం మనకే ఉండాలి.

నాటి న్యూయార్క్ జనం భయం బూటకం కాదు. వీల్‌చైరులో మిగిలిపోయిన కుర్రవాని బ్రతుకూ బూటకం కాదు. ఒకదాన్ని తలచి రెండవదాన్ని మరచిపోయినవాళ్ళే ఎక్కువ గట్టిగా కేకలు వేశారు. ఇకమీదట ఇటువంటి కేసు పేపరులో కనబడి ఇంట్లో వాదన లేచినప్పుడు, ముందుగా రెండు సంగతులు అడిగి చూడండి: మొదటి దెబ్బ పడేనాటికి ప్రమాదం ఎంత? చివరి దెబ్బ పడేనాటికి మిగిలిన ప్రమాదం ఎంత? అయిదవ తూటా సంగతి తేలేది ఈ రెండవ ప్రశ్న దగ్గరే.