వెంకటేశానికి షేక్‌స్పియర్ బిరుదు

చదువు ముగించి పట్టా పుచ్చుకుంటున్న విద్యార్థులతో, వారిలో ప్రత్యేకత ఏమీ లేదని వేదికపై నుంచే చెప్పడం తగునా అనే చర్చ 2012 జూన్‌లో అమెరికాలో రేగింది. బోస్టన్ శివార్లలోని సంపన్న పట్టణమైన వెల్స్‌లీలో, డేవిడ్ మెకల్లో అనే ఇంగ్లీషు ఉపాధ్యాయుడు ఉన్నత పాఠశాల వీడ్కోలు సభలో ఆ మాట అన్నాడు. ఏటా ఆ దేశంలో ముప్ఫై లక్షలకు పైగా పిల్లలు అదే చదువు ముగిస్తారని లెక్క చూపి, మెప్పుకోసం కాక పనిమీద ఇష్టంతో బతకమని ఆయన చేసిన హితవు, పొగడ్తల్లో పెరిగిన కలవారి బిడ్డలకు సరిపోయిన మందు.

ఆ జబ్బును విజయనగరం అంతకు నూటఇరవై ఏళ్ల ముందే ఎరుగును. మహారాజా కళాశాల అధ్యాపకుడు గురజాడ అప్పారావు రచించి, 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1909 కూర్పుతో నేటి రూపం పొందిన కన్యాశుల్కం నాటకంలో, పరీక్ష తప్పిన వెంకటేశాన్ని అతనికి చదువు చెప్పే గిరీశం షేక్‌స్పియర్ అని సంబోధిస్తాడు. ఆ పొగడ్త వల్ల కుర్రవాడికి ఒరిగినదేమీ లేదు గాని, అప్పులవాళ్ల బెడద తప్పించుకుని శిష్యుడి ఇంట సెలవులు గడపడానికి గురువుగారికి దారి దొరికింది. ర్యాంకు తెచ్చిన విద్యార్థి ముఖాన్ని నిలువెత్తు ఫ్లెక్సీలపై వేసి, దాన్ని చూపి మరుసటి ఏడు ఫీజులు రాబట్టుకునే నేటి ప్రైవేటు కళాశాలలు గిరీశం వారసత్వాన్ని చక్కగానే నిలుపుతున్నాయి.

అయితే ఫ్లెక్సీకెక్కేది పదిమందే, మిగిలిన వందలమందికి తాము సామాన్యులమన్న సంగతి రోజూ తెలుస్తూనే ఉంటుంది. ఆ నాటకం పుట్టిన ప్రాంతాన్నే చూస్తే, అక్షరాస్యత, అంటే ఏడేళ్లు నిండినవారిలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వచ్చినవారి శాతం, 2011 జనగణనలో శ్రీకాకుళం జిల్లాలో 61.74, విజయనగరం జిల్లాలో 58.89 మాత్రమే. అటువంటి చోట వలసకూలి ఇంటినుంచి వచ్చి, ఎచ్చెర్లలో 2008లో నెలకొన్న అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. పట్టా అందుకునే యువతికి, ఆమె ఇంట్లో అంతవరకు ఎవరూ చేరని మెట్టు అది కనుక, వెల్స్‌లీ మాటను ఉన్నదున్నట్టు వినిపించడం మొరటుతనమే అవుతుంది. ఆ మాట వినవలసినది స్వర్ణపతకం మెడలో పడిన ఒకరిద్దరూ, వారి ఫొటో అచ్చువేసుకునే సంస్థలూ.

తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి, అంటే విద్యాభ్యాసాన్ని గురించిన భాగం, ఈ చిక్కును మరో వైపునుంచి దాటింది. చదువు ముగించి వెళ్లే శిష్యుడు గొప్పవాడో కాడో అందులోని ఆచార్యుడు తేల్చడు. సత్యం, ధర్మం, స్వాధ్యాయం వంటి కర్తవ్యాలను చెబుతూ, తమ నడవడిలోనూ మంచిని మాత్రమే అనుసరించమని, తక్కినదాన్ని విడిచిపెట్టమని అంటాడు. గురువే తనను తగ్గించుకునే ఈ పద్ధతి నేటి వేదికలపై అరుదు, ముఖ్య అతిథి పరిచయానికే అరగంట పడుతుంది మరి.

మెప్పుకోసం కాక పనిమీద ఇష్టంతో బతికిన మనిషి ఈ ప్రాంతంలోనే ఉన్నాడు. గురజాడతోపాటు విజయనగరంలో మెట్రిక్యులేషన్ చదివిన గిడుగు రామమూర్తి, శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టి, ఇంటి ఇబ్బందుల వల్ల కళాశాలకు వెళ్లకుండా 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరాడు. ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా చదివి బి.ఎ. పూర్తిచేసేసరికి 1896 వచ్చింది. చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకోవాలన్న పట్టుదల ఆయనకు ఆ పట్టా ఇచ్చినది కాదు, దానికోసం ఆగినదీ కాదు. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణ గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో ప్రచురించింది.