గేటు దగ్గర చెప్పే మాట

జూన్ రెండో వారం వచ్చిందంటే మన తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఇళ్లలో ఒకే దృశ్యం. ఇస్త్రీ మడత నలగని కొత్త యూనిఫాం, చొక్కాకు పిన్నీసుతో గుచ్చిన చేతిరుమాలు, మెడలో ఐడీ కార్డు, వీపు మీద నడుము దాటి వేలాడే సంచి. ఇవన్నీ మోస్తున్న మనిషి వయసు మూడేళ్లో, నాలుగేళ్లో! కొన్ని బడులు ఈ ముచ్చట ఏప్రిల్‌లోనే కానిచ్చేస్తాయి గాని, మన ఊళ్లలో చాలామందికి జూన్ నెలే బడి నెల.

సంఘకాపరులుగా మాకు ఈ రోజులు బాగా పరిచయం. ఆదివారం ఆరాధన ముగిశాక పలక, బలపం పట్టుకుని తల్లిదండ్రులు ముందుకొస్తారు. ‘అయ్యగారూ, బాబును బళ్లో వేస్తున్నాం, ప్రార్థన చేయండి’ అంటారు. బిడ్డ తలమీద చేయి ఉంచి ప్రార్థిస్తాం. ఆ సమయంలో బిడ్డ కళ్లు మా వైపు ఉండవు, పలక వైపు అసలే ఉండవు. అమ్మ కొంగు ఎక్కడుందో చూసుకుంటూ ఉంటాయి. అన్నీ సిద్ధం చేశారా అని తల్లిదండ్రుల్ని అడిగితే ఫీజు కట్టామనీ, ఏ బి సి డి లు వచ్చేశాయనీ, వందవరకు అంకెలు చెబుతున్నాడనీ సంతోషంగా చెబుతారు. ‘బడి గురించి బిడ్డకు ఏం చెప్పారు?’ అని అడిగితే మాత్రం భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

చిన్నబిడ్డను పరాయి చోట విడిచివచ్చిన ఒక తల్లి కథ బైబిల్లో ఉంది. ఆమె హన్నా. సమూయేలు మొదటి గ్రంథంలో ఆమె మొక్కుబడి గురించి, కన్నీటి ప్రార్థన గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆ తర్వాతి భాగాన్ని మాత్రం త్వరత్వరగా దాటేస్తుంటాం. బిడ్డ పుట్టాక ఇంటిల్లిపాదీ ఏటేటి బలి అర్పించడానికి షిలోహుకు బయలుదేరితే ఆమె వెళ్లలేదు. పాలు మానేదాకా ఆగి, అప్పుడు తీసుకెళ్తానంది. ఎల్కానా తొందరపెట్టలేదు, నీకు మంచిదని తోచినట్టే చేయమన్నాడు. ఆనాడు పాలు మాన్పించడమంటే నెలల లెక్క కాదు. చాలా తర్వాతి కాలానిదైన మక్కబీయుల రెండవ గ్రంథంలో కూడా ఒక తల్లి తన కుమారునికి మూడేళ్లు పాలిచ్చానని చెప్పుకుంటుంది. ఆ లెక్కన మందిరం గుమ్మం తొక్కేనాటికి సమూయేలుది ఇంచుమించు మన నర్సరీ పిల్లల వయసే అయివుంటుంది.

సమూయేలును ఆమె దేవునికి అర్పించి వచ్చేసింది. మన పిల్లలు మధ్యాహ్నానికో సాయంత్రానికో ఇల్లు చేరతారు. కనుక ఈ పోలికను అంతకుమించి లాగడం సరికాదు. కానీ ఆమె తొందరపడలేదన్నది మాత్రం గమనించాలి. సవతి పెనిన్నాకు అప్పటికే పిల్లలున్నారు, దెప్పిపొడుపులూ ఉన్నాయి. అయినా ఆమె బిడ్డ సిద్ధమయ్యేదాకా ఆగింది. మనమో? పక్కవాటా వాళ్లు రెండున్నరేళ్లకే ప్లేస్కూల్లో వేశారట అనగానే మన గుండెల్లో గుబులు మొదలవుతుంది. 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటోంది. మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా ఉన్న కాలాన్ని ఆటపాటలతో నేర్చుకునే కాలంగా చూస్తోంది. కాబట్టి నాలుగైదు నెలలు ఆగినంత మాత్రాన మునిగిపోయేదేమీ లేదు.

అసలు కిండర్‌గార్టెన్ అన్న జర్మన్ మాటకు పిల్లల తోట అని అర్థం. ఆ పేరు పెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ ఒక లూథరన్ పాస్టరుగారి కుమారుడు. 1782లో పుట్టాడు. ఏడాది నిండకుండానే తల్లిని పోగొట్టుకున్నాడు. తల్లి ఒడి ఎరగని ఆ మనిషి 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో పసిపిల్లల కోసం ఒక బడి ప్రారంభించి, 1840లో దానికి ఆ పేరు పెట్టాడు. చెక్క దిమ్మెలు, బంతులు, పాటలు, మొక్కల పాదులు, ఇవే అక్కడి చదువు. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఆ బడులను నిషేధించింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశాడు. 1860లో నిషేధం ఎత్తేశాక ఆ తోటలు దేశదేశాలకూ పాకాయి. మన దగ్గరికి వచ్చేసరికి ఆ పేరు ఎల్‌కేజీ, యూకేజీ అయింది. కేజీ అంటే పుస్తకాల బరువని చమత్కరించేవారూ ఉన్నారు, వారిని తప్పుపట్టలేం. 1993లో ఆచార్య యశ్‌పాల్ కమిటీ ‘భారం లేని చదువు’ పేరిట కేంద్రానికిచ్చిన నివేదికలో నర్సరీ ప్రవేశాలకు పరీక్షలు, ఇంటర్వ్యూలు ఉండకూడదని సిఫార్సు చేసింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన ఇళ్లలో మే నెలంతా పసివాళ్లను కూర్చోబెట్టి ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పట్టిస్తూనే ఉన్నాం.

నిజానికి ఆ నెలలో నేర్పాల్సినవి వేరే ఉన్నాయి. డబ్బా మూత తీయడం. పెద్దవాళ్ల చేతికే బిగుసుకుపోయే స్టీలు డబ్బా ఇచ్చి పంపితే, ఇంటర్వెల్లో అందరూ తింటుంటే ఆ బిడ్డ డబ్బా కేసి చూస్తూ కూర్చుంటుంది. ఇంట్లోనే పది రోజులు అదే డబ్బాలో ఇడ్లీ ముక్కలో, పెరుగన్నమో పెట్టి, తన చేత్తో తీసుకుని తిననివ్వండి. కింద పోస్తుంది, పోయనివ్వండి. అన్నం ముద్దలు కలిపి సెల్‌ఫోన్ చూపిస్తూ నోట్లో పెట్టే అలవాటున్న ఇళ్లలో ఈ పని ఇంకా ముందునుంచే మొదలెట్టాలి.

ఇంకొకటి చెప్పుకోవడానికి మొహమాటపడతాం గాని, పసివాళ్లకు అన్నిటికంటే పెద్ద సమస్య అదే. మూత్రానికి వెళ్లాలంటే టీచరుకు ఎలా చెప్పాలి? ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. బళ్లో ఇంగ్లిషులో అడగాలంటారు. ఆ ఇంగ్లిషు మాట గుర్తుకు రాక, తెలుగులో అంటే తిడతారేమోనని బిగబట్టుకుని, చివరకు బట్టలు తడుపుకుని నలుగురిలో నవ్వులపాలైన బిడ్డ మర్నాడు బడికి వెళ్లనని ఏడిస్తే, దాన్ని మొండితనం అంటామా? బడి వాళ్లు వాడే మాట ముందే కనుక్కుని ఇంట్లో అదే వాడండి. బిడ్డ వాడే మాటేదో టీచరుకూ, ముఖ్యంగా ఆయమ్మకూ చెప్పండి. ఈ వయసులో హెడ్మిస్ట్రెస్ కంటే ఆయమ్మ పెద్ద దిక్కు. ఆమె పేరు తెలుసుకుని, చేతులెత్తి నమస్కారం పెట్టి రండి.

పడుకునే వేళ కూడా మార్చుకోవాలి. పదిన్నరకు సీరియళ్లు అయ్యాక పడుకునే ఇంట్లో బిడ్డ మాత్రం పొద్దున్నే నవ్వుతూ ఎలా లేస్తుంది? ఆటోలో పంపేవారు ఆటో నడిపే అబ్బాయి ఎవరో, ఎక్కడుంటాడో, ఎంతమందిని ఎక్కిస్తాడో కళ్లారా చూసుకోవాలి. అమ్మానాన్నల పేర్లు, వీధి పేరు చెప్పగలిగితే చాలు. ఇరవయ్యో ఎక్కం తర్వాత వస్తుంది.

ఇవన్నీ చేసినా ఒక్కచోట మనం దారి తప్పుతున్నాం. అది బడి గేటు దగ్గర.

బిడ్డ ఏడుస్తుంటాడు. తల్లి ‘చాక్లెట్ కొనుక్కొస్తా, ఇక్కడే ఉండు నాన్నా’ అంటుంది. లేదా ‘గేటు బయటే నిలబడి ఉంటాలే’ అంటుంది. ఆయమ్మ లోపలికి తిప్పగానే వెనక్కి చూడకుండా స్కూటరెక్కి వెళ్లిపోతారు. ఇది మోసమని ఎవరూ అనుకోరు, పిల్లల విషయంలో ఇవన్నీ మామూలేనంటారు. కానీ ఆ బిడ్డ వైపు నుంచి ఆలోచించండి. పుట్టినప్పటినుంచి ఏది అడిగినా ఎవరిని చూసి నమ్మాడో, ఆ మనిషి అన్న మాట ఐదు నిమిషాల్లో అబద్ధమైంది. కిటికీలోంచి చూస్తే గేటు బయట ఎవరూ లేరు. ఇక సాయంత్రం వస్తానన్న మాట మాత్రం ఎలా నమ్మాలి? మర్నాడు వాడు మరింత గట్టిగా ఏడుస్తాడు. కొంగు వదలడు. రాత్రి నిద్రలో ఉలిక్కిపడి, పక్కన అమ్మ ఉందో లేదో తడుముకుంటాడు.

దీనికంటే ముందు మనం చేసే తప్పు ఇంకొకటుంది. రెండేళ్లుగా అన్నం తినకపోతే, అల్లరి చేస్తే ‘ఉండు, నిన్ను బళ్లో వేస్తా, టీచర్ తోలు తీస్తుంది’ అని బెదిరించి, ఇప్పుడు అదే బడికి నవ్వుతూ వెళ్లమంటే ఎలా వెళ్తాడు? 2009 విద్యాహక్కు చట్టం బళ్లో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం వద్దన్న బెత్తాన్ని మనం ఇంట్లో కూర్చుని టీచరు చేతికి అందిస్తున్నాం! చిత్రమేమిటంటే, పోలీసనీ బూచాడనీ బెదిరించే ఇళ్లలోనే, భోజనాల దగ్గర ప్రార్థన చేయించి అబద్ధమాడకూడదనే పాఠం కూడా నేర్పుతుంటాం.

అయితే ఏం చెప్పాలి? ఉన్నమాటే చెప్పాలి. ‘అమ్మ ఇంటికెళ్తుంది. నువ్వు పాటలు పాడి, డబ్బా తిని, బొమ్మలు గీసాక గంట కొడతారు. అప్పుడు నాన్న వస్తాడు.’ పన్నెండున్నర అంటే వాడికి తెలియదు, డబ్బా తిన్నాక అంటే తెలుస్తుంది. ఒక ముద్దు పెట్టి, చేయి ఊపి, వాడు చూస్తుండగానే వెళ్లండి. ఏడుస్తాడు. ఏడవనివ్వండి. చాలామంది పిల్లలు తల్లి కనుమరుగయ్యాక కాసేపటికే సర్దుకుంటారు. కొందరు మొదటివారం నవ్వుతూ వెళ్లి, ఇది రోజూ తప్పదని తెలిశాక రెండోవారం ఏడుపు అందుకుంటారు. గంట కొట్టేసరికి మాత్రం చెప్పిన మనిషి గేటు దగ్గర ఉండి తీరాలి. మొదటి నెల ఆ పదినిమిషాల ఆలస్యం కూడా పనికిరాదు. అందరి పిల్లలూ వెళ్లిపోయాక ఖాళీ వరండాలో మిగిలిపోయిన బిడ్డకు ఆ పదినిమిషాలు ఎంత పొడుగో మనకేం తెలుసు?

నిజం చెప్పడం అన్ని ఇళ్లలోనూ ఇంత తేలిక కాదు. గోదావరి జిల్లాల్లోనూ, కడప, రాజంపేట, రాయచోటి వైపునా ఇంటిపనికి కువైట్ వెళ్లిన తల్లులు ఎందరో ఉన్నారు. వారి పిల్లల్ని మొదటిరోజు బడికి తీసుకెళ్లేది అమ్మమ్మో, నాయనమ్మో. అలాంటి ఒక అమ్మమ్మ మాకు తెలుసు. మనవడిని బళ్లో దింపేటప్పుడల్లా ‘సాయంత్రం మీ అమ్మొస్తాది’ అని చెప్పేది. వాడు రోజూ డబ్బా తినగానే వరండా స్తంభం దగ్గరకొచ్చి నిలబడేవాడట. టీచరు చెబితే మాకు తెలిసింది. అమ్మమ్మతో మాట్లాడాం. ‘నిజం చెబితే బెంగెట్టుకుంటాడండీ అయ్యగారూ’ అంది. ఆమె ప్రేమను శంకించలేం. కానీ రోజూ నాలుగింటికి ఆ బిడ్డ తల్లిని మళ్లీ మళ్లీ పోగొట్టుకుంటున్నాడు కదా?

చివరకు కన్నతల్లే చెప్పాలని అనుకున్నాం. ఒక శుక్రవారం వీడియో కాల్లో ఆమె చెప్పింది. ఇప్పుడు రానని, రెండు క్రిస్మసులు అయ్యాక వస్తానని, ప్రతి శుక్రవారం మాత్రం ఫోన్‌లో కనబడతానని. వాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అమ్మమ్మ మామీద కోపంతో ఆ ఆదివారం ఆరాధనకు కూడా రాలేదు. తర్వాత వాడు స్తంభం దగ్గర నిలబడటం మానేశాడు. శుక్రవారం ఎప్పుడని అడగడం మొదలెట్టాడు. ఆ తల్లి వాడికి బూట్లు పంపాలనుకుంది గాని కాలి కొలత తెలియదు. అమ్మమ్మ వాడి పాదాన్ని పాతపేపరు మీద పెట్టి, పెన్సిలుతో గీత గీసి, ఫోటో తీయించి పంపింది. హన్నా ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి సమూయేలుకు తీసుకెళ్లేదని గ్రంథం చెబుతోంది. బిడ్డ ఏడాదిలో ఎంత పెరిగాడో ఇంటి దగ్గర కూర్చుని ఎలా అంచనా కట్టేదో!

ఇక భార్యాభర్తల సంగతి. ఏ బడి, ఏ మీడియం, ఎంత ఫీజు అన్న తగువు బిడ్డ ముందు పడకండి. తనవల్లే ఇంట్లో గొడవని ఆ వయసుకే అర్థమైపోతుంది. ఎల్‌కేజీ కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పుచేసే వారిని కూడా చూస్తున్నాం. ఆ అప్పు తీరేదాకా ఇంట్లో ఉండే చిరాకు బిడ్డ మీదే పడుతుంది. నడిచి వెళ్లేంత దూరంలో, టీచరు మొహాన నవ్వున్న బడి దొరికితే మా దృష్టిలో అదే మంచి బడి, దానికి బస్సు లేకపోయినా సరే. తెలుగులో కథలు చెప్పడం మాత్రం మానకండి. ఆ జాతీయ విద్యావిధానం కూడా, వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటిభాషలో బోధించాలంటోంది. బళ్లో వీలుకాకపోతే ఇంట్లోనైనా అది జరగాలి. తాతయ్యలు ఉన్న ఇళ్లకు ఆ బెంగ లేదు.

సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే సంచి లాక్కుని ‘ఈరోజు ఏం చెప్పారు?’ అని అడగకండి. పెద్దవాళ్లం మనమే ఆఫీసు నుంచి రాగానే ఎవరైనా అలా అడిగితే విసుక్కుంటాం. బూట్లు విప్పి, కాళ్లు కడిగి, తినడానికి ఏదైనా పెట్టి పక్కన కూర్చోండి. అడగాలనిపిస్తే ఎవరి పక్కన కూర్చున్నావని అడగండి. మొదటిరోజు ఏమీ చెప్పదు. రెండోరోజూ చెప్పదు. ఏ మూడోరోజో నాలుగోరోజో, స్నానం చేయిస్తున్నప్పుడు, అడగకుండానే మొదలుపెడుతుంది. పక్కనున్న పిల్ల డబ్బాలో సేమ్యా తెచ్చుకుందనీ, ఆయమ్మకు పెద్ద బొట్టుందనీ, గంట ఇనుపదనీ, దాన్ని తను కూడా ఒకసారి కొట్టిందనీ.