నలభై దాటాక ఏసీ పని నేర్చుకోవాలంటే ఏ స్కూల్‌లో చేరాలి?

పోయిన ఎపిసోడ్‌లో నడివయసులో పని మార్చుకోవడం గురించి మాట్లాడుతూ, హెచ్‌వీఏసీ స్కూల్ విషయం రెండు నిమిషాల్లో తేల్చేశాను. ఆ తర్వాత వచ్చిన మెసేజ్‌లన్నీ దాని గురించే. మైకు ముందు అంకెలు చెప్తే ఎవరికీ గుర్తుండవు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా.

ముందు నా సంగతి. మాది జగిత్యాల వైపు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేశాను. తొమ్మిదేళ్లు దుబాయ్‌లో ఉన్నాను, తర్వాత మా వదిన వేసిన పిటిషన్ మీద అమెరికా వచ్చాం. ఇప్పుడు డాలస్ పక్కన కమర్షియల్ బిల్డింగ్ సైట్లలో సూపర్‌వైజర్‌ని. నేను ఏసీ మెకానిక్‌ని కాదు. కానీ డక్టు వేసేవాళ్లు, రూఫ్ మీదికి యూనిట్లు ఎక్కించేవాళ్లు, స్టార్టప్ చేసేవాళ్లు రోజూ నా కళ్ల ముందే ఉంటారు. ఎవరికి పని వచ్చు, ఎవరి దగ్గర సర్టిఫికెట్ మాత్రమే ఉంది అన్నది పొద్దున పది గంటలకల్లా తెలిసిపోతుంది.

పోయిన ఎండాకాలం మా బావమరిది ఫోన్ చేశాడు. వాడికి నలభై మూడేళ్లు. పదిహేనేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాడు. జాబ్ పోయి అప్పటికి ఏడు నెలలు. ఇంటి మీద లోను ఉంది, ఇద్దరు పిల్లలు.

"బావా, ఏసీ స్కూల్‌లో చేరుతున్నా. తొమ్మిది నెలలు, 19,800 డాలర్లు. రేపే సంతకం పెట్టాలి, లేకపోతే సీటు పోతుందంట."

"సంతకం పెట్టకురా. శనివారం నేనొస్తా. కలిసి చూద్దాం" అన్నాను.

రెండు వారాల్లో మూడు చోట్లు తిరిగాం. అప్పుడు తెలుసుకున్నవీ, సైట్ మీద నాకు ముందే తెలిసినవీ కలిపి చెప్తున్నా. మేము ఉండేది టెక్సాస్ కాబట్టి లైసెన్సు లెక్కలు ఇక్కడివి. మీ రాష్ట్రంలో రూల్స్ వేరుగా ఉంటాయి, చూసుకోండి.

ముందు మీ వీసా చూసుకోండి

మనవాళ్లు చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు సాయంత్రం క్లాసులకు వెళ్లి చదువుకోవచ్చు గానీ, ఏసీ కంపెనీలో ఒక్క గంట కూడా పని చేయకూడదు. అప్రెంటిస్‌షిప్ అన్నా అది జీతం వచ్చే ఉద్యోగమే. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్, లేదా హెచ్4 ఈఏడీ లాంటి వర్క్ పర్మిట్ ఉంటేనే ఈ దారి. జాబ్ పోయిన కంగారులో, అరవై రోజుల గడువు నెత్తి మీద ఉండగా, ఈ స్కూల్ ఫీజు కట్టకండి. మా వాడికి గ్రీన్ కార్డు ఉంది కాబట్టి మేము ముందుకు వెళ్లాం.

స్కూల్ ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు

ఇక్కడ రెండు కాగితాలు ఉన్నాయి. రెండూ ఒకటే అనుకోవద్దు.

మొదటిది ఈపీఏ సెక్షన్ 608 సర్టిఫికెట్. ఇది ఫెడరల్ గవర్నమెంట్‌ది, అమెరికా అంతా చెల్లుతుంది. ఏసీ సర్క్యూట్ తెరిచి గ్యాస్ ముట్టుకోవాలంటే ఇది ఉండాలి. పరీక్షలో కోర్ అని ఒక భాగం, ఆపైన మూడు టైపులు. టైప్ 1 చిన్న మెషిన్లకు, టైప్ 2 మామూలు ఇళ్లలో, షాపుల్లో ఉండే హై ప్రెషర్ సిస్టమ్‌లకు, టైప్ 3 పెద్ద బిల్డింగుల్లో ఉండే లో ప్రెషర్ చిల్లర్లకు. ఒక్కో భాగంలో 25 ప్రశ్నలు, 18 సరిగ్గా రాయాలి. అన్నీ పాసైతే యూనివర్సల్ అంటారు. ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది. దీనికి ఏడాది స్కూల్ అక్కర్లేదు. పుస్తకం కొనుక్కొని నెల రోజులు కూర్చుంటే చాలు. "మా స్కూల్‌లో చేరితే 608 వస్తుంది" అని ఎవరన్నా గొప్పగా చెప్తే, అది ఇరవై వేలు పెట్టి కొనాల్సిన వస్తువు కాదని గుర్తుపెట్టుకోండి.

రెండోది రాష్ట్ర లైసెన్సు. టెక్సాస్‌లో టీడీఎల్ఆర్ అనే సంస్థ ఇస్తుంది. సొంతంగా కాంట్రాక్టర్‌గా పని చేయాలంటే లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ కింద గత 72 నెలల్లో 48 నెలల అనుభవం చూపించి, పరీక్ష పాసవ్వాలి. క్లాస్ ఏ కి సైజు హద్దు లేదు. క్లాస్ బీ లో కూలింగ్ 25 టన్నుల వరకే. కాలిఫోర్నియాలో సీ-20 లైసెన్సుకు కూడా నాలుగేళ్ల అనుభవం అడుగుతారు. అంటే తొమ్మిది నెలల స్కూల్ అయిపోగానే సొంత కంపెనీ పెట్టుకోవచ్చు అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

ఇంకో మాట. టెక్సాస్‌లో హెల్పర్‌గా మొదలుపెట్టడానికి స్కూలే అక్కర్లేదు. టీడీఎల్ఆర్ దగ్గర టెక్నీషియన్‌గా రిజిస్టర్ చేసుకొని, లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ కింద పనికి ఎక్కొచ్చు. మరి స్కూల్ ఎందుకు? ఇరవై ఏళ్ల కుర్రాడైతే రెండేళ్లు మెట్లు మోసి, చూసి నేర్చుకుంటాడు. నలభై మూడేళ్లవాడికి అంత టైం లేదు, అంత ఒళ్లూ లేదు. కరెంటు, గ్యాస్ ప్రెషర్, గాలి ఈ మూడూ ఎలా పనిచేస్తాయో తల్లో ముందే ఉంటే, హెల్పర్ నుంచి సర్వీస్ టెక్నీషియన్‌కి తొందరగా వెళ్తాడు. స్కూల్‌కి కట్టే డబ్బు ఆ తొందర కోసమే. అది ఎంత విలువ చేస్తుందో చూసి కట్టాలి.

మూడు చోట్లు చూశాం

మొదటిది ఆ 19,800 డాలర్ల ప్రైవేట్ స్కూల్. రిసెప్షన్ హోటల్‌లా ఉంది. "ల్యాబ్ చూపించండి" అంటే "ఓరియెంటేషన్ రోజు చూద్దురు గాని" అన్నారు. గట్టిగా అడిగితే తీసుకెళ్లారు. ఇరవై నాలుగు మందికి నాలుగు యూనిట్లు. అందులో రెండింటికి కరెంటే లేదు. నేను వంగి చూస్తే కాపర్ పైపు మీద బ్రేజింగ్ చేసిన గుర్తు ఒక్కటీ లేదు. స్టూడెంట్లు ముట్టుకున్న మెషిన్ అలా ఉండదు. పెళ్లిలో గ్రూప్ ఫోటో కోసం కుర్చీలు వేసినట్టు పెట్టారు.

రెండోది కమ్యూనిటీ కాలేజ్. బిల్డింగ్ పాతది, పార్కింగ్ దూరం. ల్యాబ్ తలుపు తీయగానే ఫ్లక్స్ వాసన, నేల మీద పైపు ముక్కలు. ఒక అమ్మాయి వ్యాక్యూమ్ పంపు పెట్టి మైక్రాన్ గేజ్ చూస్తోంది, 500 కిందికి దిగేదాకా. సార్‌కి అరవై ఏళ్లు ఉంటాయి, సొంత కాంట్రాక్టర్ లైసెన్సు ఉంది. సర్టిఫికెట్ కోర్సు ఏడాదిన్నర, సాయంత్రం క్లాసులు, అన్నీ కలిపి నాలుగు వేలకు లోపే.

మూడోది యూనియన్ అప్రెంటిస్‌షిప్. ఐదేళ్లు, పని చేస్తూ జీతం, ఫీజు నామమాత్రం. డబ్బు లెక్కన అన్నిటికంటే ఇదే మంచిది. కానీ తీసుకునేది ఏడాదికి కొన్నిసార్లే, ఇంటర్వ్యూ ఉంటుంది, వెయిటింగ్ ఉంటుంది. ఇంట్లో జీతం ఆగిపోయినవాడు ఎదురు చూడలేడు. మీకు ఇంకా ఉద్యోగం ఉండి, ముందుచూపుతో ఆలోచిస్తుంటే మాత్రం మొదట ఇక్కడే అప్లై చేయండి.

వెళ్లినప్పుడు అడగాల్సినవి

ఒకటి, ల్యాబ్‌లో ఒక్కో మెషిన్‌కి ఎంతమంది? నేను గ్యాస్ రికవర్ చేసి, పైపు బ్రేజ్ చేసి, వ్యాక్యూమ్ లాగి, మళ్లీ గ్యాస్ నింపేది ఎన్నిసార్లు? "చూపిస్తాం" అంటే చాలదు. "మీరే చేస్తారు" అనాలి.

రెండు, కొత్త గ్యాస్ మెషిన్లు ఉన్నాయా? ఇది ముఖ్యం. పాత ఆర్-22 తయారీ, దిగుమతి ఇక్కడ 2020తో ఆగిపోయాయి. దాని తర్వాత వచ్చిన ఆర్-410ఏ వేడిని పట్టి ఉంచే శక్తి కార్బన్ డయాక్సైడ్ కంటే 2,088 రెట్లు. 2025 జనవరి 1 నుంచి ఇళ్లకు తయారయ్యే కొత్త ఏసీలకు 700 హద్దు పెట్టారు. అందుకే ఇప్పుడు ఆర్-32, ఆర్-454బీ వస్తున్నాయి. వీటిని ఏ2ఎల్ అంటారు. కొద్దిగా అంటుకునే గుణం ఉంది. వీటికి తగిన రికవరీ మెషిన్, లీక్ డిటెక్టర్ కావాలి. ఇంకా ఆర్-410ఏ దగ్గరే ఆగిన స్కూల్ మీకు నిన్నటి పని నేర్పుతుంది.

మూడు, ఎలక్ట్రికల్ ఎన్ని గంటలు? ఏసీ రిపేర్ అంటే గ్యాస్ అనుకుంటారు. సర్వీస్ కాల్స్‌లో ఎక్కువ భాగం కెపాసిటర్, కాంటాక్టర్, వైరింగ్, థర్మోస్టాట్. వైరింగ్ డయాగ్రామ్ చదవలేనివాడు అనవసరంగా కంప్రెసర్ మార్చేస్తాడు.

నాలుగు, "ప్లేస్‌మెంట్ 90 శాతం" అంటే, పోయిన బ్యాచ్‌ని తీసుకున్న మూడు కంపెనీల పేర్లు అడగండి. వాటికి మీరే ఫోన్ చేయండి. "మీ దగ్గరికి వచ్చిన ఆ స్కూల్ పిల్లలు ఎలా ఉన్నారు?" ఈ ఒక్క ప్రశ్న చాలు. మేము చేశాం. ప్రైవేట్ స్కూల్ చెప్పిన మూడింటిలో ఒక కంపెనీ వాళ్లకు ఆ స్కూల్ పేరే తెలియదు.

ఐదు, మధ్యలో మానేస్తే డబ్బు ఎంత వెనక్కి వస్తుంది? కాగితం మీద చూపించమనండి. ఆ కాగితం ఇంటికి తెచ్చుకొని చదవండి. ఇవ్వకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. 2016 సెప్టెంబర్‌లో ఐటీటీ టెక్ అనే పెద్ద సంస్థ 130కి పైగా క్యాంపస్‌లు ఒక్కసారే మూసేసింది. పేరు పెద్దదైతే భద్రం అనుకోవడానికి లేదు.

డబ్బు లెక్క

ఫెడరల్ పెల్ గ్రాంట్ తిరిగి కట్టక్కర్లేదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు కూడా ఆదాయాన్ని బట్టి వస్తుంది. కానీ బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవాళ్లకు రాదు, ఆ డిగ్రీ ఇండియాది అయినా సరే. మా వాడు బీటెక్. వాడికి రాదు. ఐటీఐ చేసిన నాకు ఆ అడ్డు లేదు! జీవితంలో మొదటిసారి నా చదువు వాడి చదువు కంటే పనికొచ్చిందని నవ్వుకున్నాం. ప్రైవేట్ స్కూల్‌లో మాత్రం "ఫైనాన్షియల్ ఎయిడ్ ఉంది" అన్నారు. విడదీసి చూస్తే మొత్తం లోనే. ఎయిడ్ అనగానే గ్రాంటా, లోనా అని అడగండి.

జీతం సంగతి. ప్రభుత్వ లెక్క ప్రకారం 2024 మేలో ఈ పనివాళ్ల మధ్యస్థ జీతం ఏడాదికి 59,810 డాలర్లు. మధ్యస్థం అంటే సగం మందికి అంతకంటే తక్కువ. మొదటి ఏడాది మీరు ఆ తక్కువ సగంలోనే ఉంటారు. పనిముట్లు కూడా చాలావరకు మీవే కొనుక్కోవాలి. ఏడాదిన్నర ఇల్లు ఎలా నడుస్తుందో ముందు ఇంట్లో కూర్చొని మాట్లాడుకోండి.

ఒళ్లు, వయసు, అటక

టెక్సాస్ ఇళ్లలో మెషిన్ అటక మీద ఉంటుంది. జూలైలో ఆ అటక వేడి 130 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. మోకాళ్ల మీద పాకుతూ వెళ్లాలి. స్కూల్‌లో చేరే ముందు తెలిసిన మెకానిక్‌తో ఒక రోజు తిరగండి. మా సైట్ పని చేసే ఒకాయనతో మాట్లాడి మా వాడిని పంపించాను. సాయంత్రం చొక్కా పిండితే నీళ్లు కారాయి. "బావా, చేయగలను గానీ, ఇరవై ఏళ్లు మాత్రం చేయలేను" అన్నాడు.

అది నిజాయితీ మాట. అందుకే నడివయసువాళ్లు స్కూల్ కంటే ముందు చివరి మెట్టు చూసుకోవాలి. హాస్పిటల్, స్కూల్ డిస్ట్రిక్ట్‌లలో మెయింటెనెన్స్ పనిలో రోజుకో అటక ఉండదు, ఇన్సూరెన్స్ ఉంటుంది. పెద్ద బిల్డింగుల్లో బిల్డింగ్ ఆటోమేషన్ అని ఉంటుంది. ఏసీలన్నిటినీ కంప్యూటర్‌తో నడిపించే కంట్రోల్స్ పని అది. సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు ఏసీ వైపు, ఏసీ తెలిసినవాళ్లు సాఫ్ట్‌వేర్ వైపు తడబడే చోటు అది. రెండూ కాస్త తెలిసినవాడికి అక్కడ చోటుంది. పదిహేనేళ్లు తప్పు ఎక్కడుందో వెతికే పని చేసినవాడికి ట్రబుల్‌షూటింగ్ కొత్త కాదు. కాబట్టి కంట్రోల్స్ క్లాసు ఉన్న స్కూలా కాదా అన్నది మా వాడికి ఆరో ప్రశ్న అయింది. కమ్యూనిటీ కాలేజ్‌లో ఉంది.

ఆగస్టులో వాడు అక్కడే చేరాడు. పగలు ఒక మెయింటెనెన్స్ కంపెనీలో హెల్పర్, సాయంత్రం క్లాసు. 608లో టైప్ 3 మొదటిసారి పోయింది, రెండోసారి కొట్టాడు. జీతం పాతదాంట్లో సగం కూడా లేదు. చిన్న కారు అమ్మేశారు.

కరీంనగర్‌లో ఉన్న మా మామయ్యకు మాత్రం ఆర్నెల్లు చెప్పలేదు. చివరికి చెప్తే, "భూమి అమ్మి ఇంజినీరింగ్ చదివించింది అటకెక్కడానికా?" అన్నాడు. మా వాడు ఏమీ మాట్లాడలేదు. మొన్న సంక్రాంతికి వీడియో కాల్‌లో మామయ్య మాటల మధ్యలో, "ఇంట్లో ఏసీ నడుస్తుంది గానీ చల్లగ వస్తలేదురా" అన్నాడు. మా వాడు కెమెరా తిప్పించి, ఫిల్టర్ తీయించి చూపించమన్నాడు. పది నిమిషాల్లో అయిపోయింది, దుమ్ము అంతే. మామయ్య ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం "పరీక్షలు ఎప్పుడు?" అని అడిగాడు.

మీరు ఇదే ఆలోచనలో ఉంటే ఒక్క పని చేయండి. ఎవరు ఎంత తొందరపెట్టినా, ల్యాబ్ చూడకుండా, కాగితం ఇంటికి తెచ్చి చదవకుండా సంతకం పెట్టకండి. నిజంగా మంచి స్కూల్ అయితే సోమవారం దాకా ఆగుతుంది.